ఎడారిలో క్షిపణి స్థావరాన్ని శాటిలైట్ చిత్రాల్లో చదవడం ఎలా? యూమెన్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

2021 జూన్ 30న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో ఒక వార్త వచ్చింది. చైనాకు వాయవ్యాన, గాన్సు ప్రావిన్స్‌లోని యూమెన్ పట్టణం దగ్గర ఎడారిలో ఖండాంతర క్షిపణుల కోసం 119 సైలోలు కడుతున్నారన్నది దాని సారాంశం. సైలో అంటే నేలలోకి నిలువునా తవ్వి, కాంక్రీటుతో ఉక్కుతో కట్టి, పైన బరువైన మూత బిగించిన గొయ్యి. క్షిపణి అందులోనే నిలబడి ఉంటుంది, అందులోంచే పైకి లేస్తుంది. అప్పటిదాకా చైనా దగ్గరున్న పాత సైలోలు దాదాపు 20. అలాంటిది ఒక్కచోటే 119 కనబడేసరికి ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

దీన్ని బయటపెట్టినవాళ్లు గూఢచారులు కాదు. డెకర్ ఎవెలెత్ అనే యువ పరిశోధకుడు, కాలిఫోర్నియాలోని మిడిల్‌బరీ సంస్థలో పనిచేసే జెఫ్రీ లూయిస్ కలిసి చేసిన పని ఇది. వాళ్లు వాడినవి ప్లానెట్ ల్యాబ్స్ అనే ప్రైవేటు కంపెనీ అమ్మే చిత్రాలు. నెల తిరక్కుండానే, అణ్వాయుధాల లెక్కలు తీసే ఫెడరేషన్ ఆఫ్ అమెరికన్ సైంటిస్ట్స్ అనే సంస్థకు చెందిన మాట్ కోర్డా, హాన్స్ క్రిస్టెన్సెన్ షిన్‌జియాంగ్‌లోని హామి దగ్గర రెండో క్షేత్రాన్ని చూపించారు. ఆగస్టులో ఇన్నర్ మంగోలియాలోని ఓర్డోస్ దగ్గర మూడోది బయటపడింది.

ఈ పనిని మనం ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా, మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చేసి చూడొచ్చు. కొత్త రహస్యం కనిపెట్టడం కోసం కాదు. టీవీలో, వాట్సాప్‌లో ఎర్ర వృత్తం గీసిన శాటిలైట్ ఫొటో కనబడగానే అది నిజమో కాదో తేల్చుకోగలగాలి, అందుకు. అలాంటి ఫొటోలు చూసి జనం టెన్షన్ పడటం, ఆవేశపడటం నేను చాలాసార్లు చూశాను. చదవడం వస్తే ఆ ఆవేశం సగం తగ్గుతుంది. అందుకే కాస్త ఓపిగ్గా, ప్రతి అడుగూ వివరంగా రాస్తున్నాను.

1. సామాన్లు సమకూర్చుకోండి

మూడు చాలు. మొదటిది గూగుల్ ఎర్త్ ప్రో, కంప్యూటర్‌లో దించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ఇందులో పాత తేదీల చిత్రాలు చూపించే గడియారం గుర్తు, దూరం కొలిచే స్కేలు గుర్తు ఉంటాయి. మన పనికి ఈ రెండే ప్రాణం. రెండోది కోపర్నికస్ బ్రౌజర్. యూరప్ వాళ్ల సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి. మూడోది ఒక నోట్‌బుక్, కాగితం మీదైనా సరే, ఎక్సెల్‌లో అయినా సరే. చూసిన ప్రతి చిత్రం తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఏం కనబడిందో ఒక్క వాక్యం. ఇది రాయకపోతే పదో రోజుకి ఏది ఎక్కడ చూశారో గుర్తుండదు.

ఇక్కడ రెజల్యూషన్ సంగతి ఒకటి అర్థం చేసుకోవాలి. చిత్రంలోని ఒక్క చుక్క (పిక్సెల్) నేల మీద ఎంత జాగాకి సమానమో అదే రెజల్యూషన్. సెంటినెల్-2లో ఒక చుక్క 10 మీటర్లు. అంటే లారీ కనబడదు, పెద్ద షెడ్డు తెల్ల మచ్చలా కనబడుతుంది, రోడ్డు గీతలా కనబడుతుంది. ప్లానెట్ వాళ్ల చిన్న ఉపగ్రహాల చిత్రాల్లో సుమారు 3 మీటర్లు. గూగుల్ ఎర్త్‌లో చాలాచోట్ల కనబడే స్పష్టమైన చిత్రాలు అర మీటరు, అంతకన్నా మెరుగు. 2019 నవంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన కార్టోశాట్-3 రెజల్యూషన్ 25 సెంటీమీటర్లు. మన ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునేది హైదరాబాద్ పక్కనే షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) కేంద్రం. అంటే ఈ విద్య మన ఇంటి పెరట్లోనే ఉంది.

స్పష్టంగా ఉండే చిత్రం తరచుగా దొరకదు. తరచుగా దొరికేది అంత స్పష్టంగా ఉండదు. సెంటినెల్-2 జంట ప్రతి 5 రోజులకు ఒకసారి అదే చోటికి తిరిగొస్తుంది. గూగుల్ ఎర్త్‌లోనేమో ఎడారి ప్రాంతాలకు ఏళ్ల తరబడి ఒకే చిత్రం ఉండొచ్చు. కాబట్టి మార్పును సెంటినెల్‌లో పట్టుకోవాలి, వివరాన్ని గూగుల్ ఎర్త్‌లో చూడాలి. ఈ రెండింటినీ కలిపి వాడటమే ఈ పనిలో అసలు మెళకువ.

2. తెలిసిన చోట కొలవడం నేర్చుకోండి

నేరుగా గోబీ ఎడారిలో దిగకండి. ముందు శంషాబాద్ విమానాశ్రయం తెరవండి. అక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. స్కేలు గుర్తు నొక్కి ఈ చివర నుంచి ఆ చివరకు గీత లాగండి. లెక్క ఎంతకు దగ్గరగా వచ్చిందో చూడండి. 20, 30 మీటర్లు తేడా వస్తే గీత ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ఆపారో మళ్లీ చూసుకోండి. మీ చేతి పొరపాటు ఎంతుంటుందో ఇక్కడే తెలిసిపోతుంది. అది తెలియకుండా పరాయి దేశపు గొయ్యి వెడల్పు చెప్పడం సరికాదు.

తర్వాత నీడలు. హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం 50 అడుగుల పీఠం మీద నిలబడి ఉంది. మొత్తం 175 అడుగులు, సుమారు 53 మీటర్లు. గడియారం గుర్తుతో రకరకాల తేదీల చిత్రాలు మార్చుతూ దాని నీడ ఎటు పడుతోందో, ఎంత పొడుగుందో చూడండి. డిసెంబరులో పొడవుగా, ఉత్తరం వైపుకి సాగి కనబడుతుంది. మే నెలలో దాదాపు కాళ్ల కిందే ముడుచుకుపోతుంది. పై నుంచి తీసిన చిత్రంలో ఎత్తు చెప్పే ముఖ్యమైన ఆధారం నీడే.

3. ఎక్కడ వెతకాలో ముందు తర్కంతో తేల్చుకోండి

చైనాలో ఎడారి అంతులేనిది. ఎవెలెత్ గుడ్డిగా వెతకలేదు. ఆయనకు ఒక నమూనా ఉంది. ఇన్నర్ మంగోలియాలో జిలాన్‌తాయ్ అనే చోట చైనా క్షిపణి దళాల శిక్షణ మైదానం ఉంది. అక్కడ కొత్త రకం సైలోలు కడుతున్నట్టు క్రిస్టెన్సెన్ 2019లోనే రాశారు. గొయ్యి తవ్వే చోట పైన పెద్ద గుమ్మటం లాంటి కప్పు వేసి, దాని కింద పని చేస్తున్నారు. ఇసుక, మంచు పడకుండా అది కాపాడుతుంది, పై నుంచి చూసే కళ్లకు లోపలి పని తెలియనివ్వదు. శిక్షణ మైదానంలో ఇలా కడుతున్నారంటే, అసలు స్థావరంలోనూ ఇలాగే కడతారు. కాబట్టి వెతకాల్సింది సైలోని కాదు, ఆ గుమ్మటాన్ని. దాచడానికి వేసిన కప్పే ఆచూకీ ఇచ్చింది.

మీరు కూడా జిలాన్‌తాయ్‌తోనే మొదలుపెట్టండి. ఆ గుమ్మటం ఆకారం, రంగు, దాని చుట్టూ నేల ఎలా చదును చేశారు, రోడ్డు ఎలా వచ్చి కలిసింది, ఇవన్నీ కళ్లకు అలవాటయ్యేదాకా చూడండి.

తర్వాత ప్రశ్న: ఇలాంటి స్థావరం కట్టాలంటే ఎలాంటి చోటు కావాలి? సముద్ర తీరానికి దూరంగా ఉండాలి, ఓడల మీంచి వదిలే క్రూయిజ్ క్షిపణులకు అందకుండా. నేల చదునుగా, గట్టిగా, కంకరగా ఉండాలి, కదిలే ఇసుక దిబ్బలు పనికిరావు. జనం పలుచగా ఉండాలి. అలాగని మరీ మారుమూల కాకూడదు, సిమెంటు, ఉక్కు, వేలమంది కూలీలు వచ్చేందుకు రైలు, రోడ్డు దగ్గర్లో ఉండాలి. ఈ షరతులన్నీ పెట్టుకుంటే పటం మీద మిగిలే జాగా బాగా తగ్గిపోతుంది. యూమెన్ ఉన్న హెక్సీ నడవ సరిగ్గా అలాంటిదే. ఒకవైపు చీలియన్ కొండలు, మరోవైపు గోబీ, మధ్యలో పాత సిల్క్ రోడ్డు దారి, ఇప్పుడు హైవే, రైలు.

4. బట్ట నేసినట్టు వెతకండి

సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 96, 97 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య తెరవండి. కోపర్నికస్ బ్రౌజర్‌లో తేదీ 2021 మే లేదా జూన్ పెట్టండి. మబ్బు శాతం 10 కన్నా తక్కువ ఉన్న చిత్రాలే ఎంచుకోండి. మార్చి నుంచి మే వరకు అక్కడ దుమ్ము తుపాన్లు వస్తుంటాయి, చిత్రం పసుపుగా మసకబారి ఉంటే ఇంకో తేదీకి వెళ్లండి.

ఇప్పుడు పడమర నుంచి తూర్పుకి ఒక పట్టీ చూడండి, కొద్దిగా కిందికి జరగండి, మళ్లీ తూర్పు నుంచి పడమరకు. మగ్గం మీద నాడె అటూ ఇటూ తిరిగినట్టు. ఇష్టం వచ్చినట్టు జరిపితే చూసిందే చూస్తారు, చూడనిది వదిలేస్తారు. అరగంటకోసారి లేచి కళ్లకు విశ్రాంతి ఇవ్వండి. గోధుమరంగు నేలని గంటసేపు చూస్తే మెదడు లేని ఆకారాలు కల్పిస్తుంది.

5. మచ్చను కాదు, మచ్చ చరిత్రను చదవండి

ఈ మార్గదర్శి మొత్తంలో నేను ఎక్కువ నొక్కి చెప్పేది ఈ అడుగునే. ఒక్క రోజు చిత్రంలో తెల్లటి చుక్క అంటే ఏదైనా కావచ్చు. గోదాము, ఉప్పు పేరుకున్న గుంట, గొర్రెల దొడ్డి, ఏదైనా. అదే చుక్కను రెండేళ్ల పాటు చూస్తే అది తన కథ తానే చెబుతుంది.

చుక్క మీద చిత్రాన్ని నిలిపి 2019కి వెళ్లండి. అక్కడ ఏమీ లేదు, ఎండిపోయిన వాగుల చారలు మాత్రమే. అక్కణ్ణుంచి నెలకొక చిత్రం చొప్పున ముందుకు రండి. యూమెన్‌లో పని 2020 ఆరంభంలో మొదలైంది. ముందు కనబడేవి రోడ్లు, నేల మీద కొత్తగా గోకిన లేత గీతలు. ఎడారిలో పైపొర కంకర వేల ఏళ్లుగా ఎండకు, గాలికి నల్లబడి ఉంటుంది. దాన్ని కదిలిస్తే కింది మట్టి లేతరంగులో బయటపడుతుంది. అందుకే ఎడారిలో ఎవరు ఏం చేసినా నేల దాచుకోలేదు. తర్వాత రోడ్ల పక్కన నలుచదరపు చదునులు. ఆ చదును మధ్యలో ఒక రోజు గుమ్మటం లేస్తుంది. ఒకటి, నాలుగు, పది, ఇలా వరసలు కడతాయి. ఆ తర్వాతి కాలంలో గుమ్మటాలు తీసేశారు. ఆ చోట ఇప్పుడు కంచె, గొయ్యి మూత మిగిలాయి.

ఈ వరసే సాక్ష్యం. రోడ్డు, చదును, గుమ్మటం, గుమ్మటం తీసేయడం, కంచె. గోదాము కట్టేవాడు దాన్ని కట్టి ఉంచుకుంటాడు, ఏడాదికి పీకేయడు. గుమ్మటం వచ్చి వెళ్లిపోయిందంటే దాని కింద జరిగిన పని ఏదో పూర్తయిందని అర్థం.

సెంటినెల్‌లో మామూలు రంగులు కాకుండా పరారుణ పట్టీలు కలిపి చూడటం కూడా అలవాటు చేసుకోండి. కోపర్నికస్ బ్రౌజర్‌లో షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అని సిద్ధంగా ఉంటుంది. కదిలించిన మట్టి, తడి నేల, కాంక్రీటు మామూలు చిత్రంలో ఒకేలా ఉన్నా ఇందులో కొన్నిసార్లు విడివిడిగా కనబడతాయి. చలికాలం చిత్రాలు వదలకండి. మంచు కురిసిన మర్నాటి చిత్రం దొరికితే అది బంగారం. మనుషులు తిరిగే రోడ్లు నల్లగా తేలతాయి, వాడకంలో లేనివి తెల్లగా మునిగిపోతాయి. ఏ చోటు సజీవంగా ఉందో, ఏది వదిలేశారో ఒక్క చూపులో తెలుస్తుంది.

మీ నోట్‌బుక్‌లో ప్రతి చుక్కకూ రెండు తేదీలు రాయాలి. అది లేని చివరి చిత్రం తేదీ, అది కనబడిన మొదటి చిత్రం తేదీ. నిజం ఆ రెంటి మధ్యలో ఉంటుంది. "ఫలానా రోజున కట్టారు" అని ఎప్పుడూ రాయకండి.

6. కొలవండి, లెక్కలు ఒకదానికొకటి పొసుగుతున్నాయో చూడండి

యూమెన్‌లో ఒక గుమ్మటం చోటు నుంచి పక్క గుమ్మటం చోటుకి స్కేలు పెట్టండి. సుమారు 3 కిలోమీటర్లు వస్తుంది. ఇంకో చోట పెట్టండి, మళ్లీ సుమారు 3. గళ్ల నోట్‌బుక్‌లో చుక్కలు పెట్టినట్టు అమర్చారు.

ఎందుకు 3? శత్రువు వేసిన ఒక అణుబాంబుకి పక్కపక్కనున్న రెండు సైలోలు పోకూడదు. ఒక్కో గోతికి ఒక్కో బాంబు ఖర్చుపెట్టాల్సి రావాలి. సైలోల మధ్య దూరం వెనకున్న లెక్క ఇది. దీన్ని ఇంకోలా సరిచూడొచ్చు. 3 కిలోమీటర్ల గడి అంటే ఒక్కో సైలోకి 9 చదరపు కిలోమీటర్ల నేల. 119ని గుండుగా 120 అనుకుని గుణిస్తే 1,080. యూమెన్ క్షేత్రం విస్తీర్ణం సుమారు 1,110 చదరపు కిలోమీటర్లని ఫెడరేషన్ ఆఫ్ అమెరికన్ సైంటిస్ట్స్ లెక్కగట్టింది. రెండు దారుల్లో వెళ్లి దాదాపు ఒకే చోటికి వచ్చాం. ఇలా పొసిగినప్పుడే కొలత మీద నమ్మకం పెట్టుకోవాలి.

ఎత్తు కొలవాలంటే నీడ. సూత్రం చిన్నది: నీడ పొడవుని సూర్యుడి ఎత్తు కోణపు టాన్ విలువతో గుణిస్తే వస్తువు ఎత్తు వస్తుంది. 40 డిగ్రీల అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 26 డిగ్రీల పైన ఉంటాడు, నీడ వస్తువు ఎత్తుకి రెట్టింపు పడుతుంది. జూన్‌లో 73 డిగ్రీలు, నీడ మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి ఎత్తు కొలతకి చలికాలం చిత్రమే మేలు.

చిక్కేమిటంటే, గూగుల్ ఎర్త్‌లో తేదీ ఉంటుంది గానీ చిత్రం తీసిన గంట ఉండదు. దానికో ఉపాయం ఉంది. అదే చిత్రంలో ఎత్తు తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోండి. నిర్మాణం జరిగే ప్రతిచోటా సరుకు కంటైనర్లు ఉంటాయి. ఇవి ప్రపంచమంతా ప్రామాణిక కొలతల్లోనే ఉంటాయి: మామూలు పెద్దది 12.2 మీటర్ల పొడవు, 2.4 వెడల్పు, 2.6 ఎత్తు. దాని నీడ 3.7 మీటర్లు వచ్చిందనుకోండి. 2.6ని 3.7తో భాగిస్తే 0.7. ఆ చిత్రంలో ప్రతి నీడనూ 0.7తో గుణిస్తే ఎత్తు వస్తుంది. పక్కనున్న షెడ్డు నీడ 17 మీటర్లయితే ఎత్తు దాదాపు 12.

ఇక్కడ ఆగి పొరపాటు లెక్క కూడా వేయండి. అర మీటరు రెజల్యూషన్ చిత్రంలో కంటైనర్ నీడ కొలతలో ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయినా 3.2 నుంచి 4.2 దాకా మారుతుంది. అప్పుడు షెడ్డు ఎత్తు 14 కావచ్చు, 10న్నర కావచ్చు. కాబట్టి నోట్‌బుక్‌లో "12 మీటర్లు" అని రాయొద్దు. "10 నుంచి 14 మీటర్ల మధ్య" అని రాయండి.

7. గోతుల చుట్టూ ఏముందో చూడండి

క్షిపణి స్థావరమంటే గోతులు మాత్రమే కాదు. క్షిపణిని తెచ్చే పొడవాటి వాహనం తిరగాలంటే రోడ్డు మలుపులు విశాలంగా ఉండాలి. ఆదేశాలు వెళ్లే కేబుళ్ల కోసం నేలలో సన్నటి తిన్నని కాలువలు తవ్వి పూడుస్తారు. ఆ పూడ్చిన గీతలు నెలల తరబడి లేతరంగులో కనబడుతూనే ఉంటాయి. యూమెన్‌లో ఈ కందకాలు, ప్రయోగ నియంత్రణ కేంద్రాలు కాగల భూగర్భ నిర్మాణాలు, రోడ్లు, చిన్న సైనిక శిబిరం అన్నీ పరిశోధకులు గుర్తించారు. మొత్తం ప్రాంతానికి చుట్టూ కంచె ఉంది. సైనికుల శిబిరాలను పోల్చుకోవడం తేలిక: వరసగా బ్యారక్‌లు, పరుగు పందెం మైదానం, గేటు, కాపలా గది.

8. మీ నిర్ధారణను మీరే పడగొట్టడానికి ప్రయత్నించండి

చాలామంది ఈ అడుగు ఎగ్గొడతారు. ఇంత కష్టపడి కనిపెట్టాక అది తప్పని ఒప్పుకోవడానికి మనసు రాదు. కానీ నమ్మదగిన మనిషెవరో తేలేది ఇక్కడే.

యూమెన్ వార్త రాగానే చైనా సోషల్ మీడియాలో కొందరు, అవి సైలోలు కావు, గాలిమరలు పెట్టబోతున్న చోట్లు అన్నారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. యూమెన్, గ్వాజౌ ప్రాంతంలో నిజంగానే ప్రపంచంలోని అతిపెద్ద గాలిమరల క్షేత్రాల్లో ఒకటుంది. చదునైన ఎడారి, కొత్త రోడ్లు, క్రమమైన చుక్కలు గాలిమరలకూ ఉంటాయి.

అయితే పరీక్షించండి. ఆ పక్కనే ఉన్న నిజమైన గాలిమరల దగ్గరికి జరగండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం కొన్ని వందల మీటర్లు, 3 కిలోమీటర్లు కాదు. సన్నటి పొడుగాటి నీడ, దాని చివర మూడు రెక్కల నీడ స్పష్టంగా పడతాయి. గాలిమర పునాది తవ్వడానికి పైన గుమ్మటం వేయరు. వెయ్యి చదరపు కిలోమీటర్ల చుట్టూ కంచె కట్టరు. వీటన్నిటికన్నా గట్టి పరీక్ష కాలం. గాలిమరలకైతే ఏడాది రెండేళ్లలో స్తంభాలు లేవాలి. ఇక్కడ లేవలేదు.

రెండో అనుమానం చమురు. యూమెన్ చైనా చమురు పరిశ్రమకి పుట్టినిల్లు, అక్కడ 1939 నుంచే బావులున్నాయి. చమురు బావుల చదునులు కూడా రోడ్డు చివర నలుచదరంగా ఉంటాయి. కానీ అవి ఇంకా దగ్గర దగ్గరగా, భూగర్భంలోని నిక్షేపం ఎటు పోతే అటు వంకరగా సాగుతాయి. పైపులు, ట్యాంకులు కనబడతాయి.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. హామి, తుర్ఫాన్ ప్రాంతాల్లో ఎడారి మీద వరసగా చుక్కలు కనబడతాయి, కిలోమీటర్ల పొడవునా. మొదటిసారి చూస్తే గుండె ఝల్లుమంటుంది. అవి కారేజ్‌లు, కొండల కింది నీటిని భూగర్భ సొరంగం ద్వారా పొలాలకు తెచ్చే వందల ఏళ్ల నాటి ఏర్పాటు. ఆ చుక్కలు సొరంగం తవ్వడానికి, పూడిక తీయడానికి పైనుంచి దించిన బావులు. చుట్టూ తవ్వి పోసిన మట్టి గుండ్రంగా ఉంటుంది, బావికీ బావికీ మధ్య దూరం కొన్ని పదుల మీటర్లే. నీళ్ల కోసం మనిషి పడ్డ కష్టం అంతరిక్షం నుంచి కూడా కనబడుతుంది.

2011లో ఇంకోటి జరిగింది. ఇదే గాన్సులో దున్‌హువాంగ్ పరిసరాల్లో ఎడారి మీద కిలోమీటర్ల మేర తెల్లటి వంకర గీతలు గూగుల్ మ్యాప్స్‌లో కనబడి ప్రపంచమంతా గోల పుట్టింది. రహస్య నగరాల పటాలు, క్షిపణి గురి బొమ్మలు, ఇలా ఎన్నో మాటలు. ఉపగ్రహ కెమెరాలను సరిచేసుకోవడానికి నేల మీద గీసిన గుర్తులు అవి అని అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఒక నిపుణుడు వివరించారు. వింతగా కనబడటం, ప్రమాదకరంగా ఉండటం ఒకటి కాదు.

వ్యతిరేక దిశలో కూడా ఆలోచించాలి. ఏమీ కనబడలేదంటే ఏమీ లేదని కాదు. 1995లో పోఖ్రాన్‌లో మన సన్నాహాలను అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, ఒత్తిడి వచ్చి పరీక్ష ఆగింది. 1998 మేలో మాత్రం ఉపగ్రహాలు ఎప్పుడు పైనుంచి వెళతాయో లెక్కవేసుకుని, ఎక్కువ పని రాత్రుళ్లు చేసి, పగలయ్యేసరికి అన్నీ యథాస్థానంలో పెట్టి మన శాస్త్రవేత్తలు పరీక్ష పూర్తిచేశారు. చిత్రంలో ఎడారి మాత్రం ఎప్పటిలాగే ఉంది.

9. చిత్రం ఏం చెప్పదో రాసుకోండి

గొయ్యి కనబడుతుంది. గోతిలో క్షిపణి ఉందో లేదో మూత పైనుంచి కనబడదు. ఇది చిన్న తేడా కాదు. 1979లో అమెరికాలో కార్టర్ ప్రభుత్వం నెవాడా, యూటా ఎడారుల్లో 4,600 స్థావరాలు కట్టి, 200 క్షిపణులను వాటిలో తిప్పుతూ ఉంచాలనుకుంది. ఏ గోతిలో ఏముందో సోవియట్ యూనియన్‌కి తెలియకూడదన్నది ఎత్తుగడ. రీగన్ వచ్చాక 1981లో దాన్ని రద్దుచేశారు. అలాంటి ఎత్తుగడ చైనా వేసి ఉండొచ్చని లూయిస్ మొదట్లోనే అన్నారు. అంటే 120 గోతులు చూసి 120 క్షిపణులు అని రాస్తే అది చిత్రం చెప్పిన మాట కాదు, మనం కల్పించుకున్న మాట.

2023 ఆరంభంలో అమెరికా వ్యూహాత్మక దళం తమ కాంగ్రెస్‌కు ఒక సమాచారం ఇచ్చింది: భూమి మీది ఖండాంతర క్షిపణుల ప్రయోగ స్థానాల సంఖ్యలో చైనా అమెరికాను దాటింది. చాలాచోట్ల అది "చైనా క్షిపణుల్లో అమెరికాను మించింది" అని ప్రచారమైంది. ప్రయోగ స్థానం వేరు, క్షిపణి వేరు, క్షిపణి కొసన ఉండే అణు వార్‌హెడ్ (బాంబు) వేరు. ఈ మూడింటికీ మీ నోట్‌బుక్‌లో మూడు వరుసలు ఉండాలి. మొదటిది చిత్రం చూసి నింపగలరు. మిగతా రెండూ చాలాసార్లు ఖాళీగానే ఉంచాలి.

రాసేటప్పుడు మాటలు తూచి వాడండి. కొలిచి, పాత చిత్రాలతో పోల్చి, వేరే వివరణలన్నీ పరీక్షించాక నిలబడింది "దాదాపు ఖాయం". నమూనాతో పోలుతోంది గానీ చరిత్ర పూర్తిగా దొరకలేదు అంటే "కావచ్చు". ఒక్క చిత్రమే ఉంటే "తెలియదు". ఈ మూడు మాటలు చాలు.

10. బయటపెట్టే ముందు

చిత్రాన్ని మళ్లీ తీసి చూపగలిగే వివరాలు రాయండి: ఏ ఉపగ్రహం, ఏ తేదీ, ఏ చోటు. మీరు చూసిందే ఇంకొకరు చూసి సరిచూడగలగాలి. రంగులు మార్చి ఉంటే మార్చానని చెప్పండి. ఎర్ర వృత్తం గీస్తే, పక్కనే వృత్తం లేని అసలు చిత్రమూ పెట్టండి.

మన దేశం విషయంలో ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మన రక్షణ స్థావరాల మీద ఈ సాధన చేసి ఆన్‌లైన్‌లో పెట్టకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నిషేధిత ప్రదేశాల పటాలు, వివరాలు శత్రువుకి ఉపయోగపడేలా సేకరించడం, పంచడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఉద్రిక్తత నడుస్తున్నప్పుడు సైన్యం ఎటు కదులుతోందో ఫొటోలు పెడితే అక్కడ సైన్యంలో ఉన్న మన పిల్లల ప్రాణాలతో ఆడుకున్నట్టే. ఆ పిల్లల్లో మన శ్రీకాకుళం వాడు, మన నిజామాబాద్ వాడు ఉంటారు. సాధనకి నిపుణులు ఇప్పటికే ప్రచురించిన, అందరికీ తెలిసిన విదేశీ ఉదాహరణలు బోలెడున్నాయి.

యూమెన్ పూర్తిచేశాక హామికి వెళ్లండి. యూమెన్ నుంచి వాయవ్యంగా సుమారు 380 కిలోమీటర్లు. అక్కడ పని 2021 మార్చిలో మొదలైందని కోర్డా, క్రిస్టెన్సెన్ తేల్చారు. వాళ్ల తేదీ చూసి ఒప్పుకోకండి, సెంటినెల్‌లో ఫిబ్రవరి చివరి చిత్రం ఒకటి, ఏప్రిల్ చిత్రం ఒకటి పక్కపక్కన పెట్టి మీరే చూడండి. ఆ తర్వాత ఓర్డోస్. అక్కడి అమరిక ఈ రెంటిలా ఉండదు, గళ్లను నమ్ముకుని వెతికితే దొరకదు. మళ్లీ రోడ్ల దగ్గర మొదలుపెట్టి, నేల మీద లేతరంగు గీత ఎటు పోతే అటు వెళ్లండి.